లెక్కలలో సాయ మడుగుట యెట్లు?

బొలారము దాటి మేడ్చలు పోవు రైలుమార్గము మీద మా గుండ్లపోచంపల్లి యున్నది. ఈ యూరి పేరులో నొక పెద్ద సంఖ్య దాగియున్నదని మేము తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు తొలుత నవ్విరి. పిమ్మట కాగితములు తీసి లెక్క కట్టిరి. గు అనగా 3, ండ్ల అనగా 3, పో అనగా 1, చం అనగా 6, ప అనగా 1, ల్లి అనగా 3. కుడినుండి యెడమకు చదివినచో 316133. ఇది యెట్లు వచ్చినదో ముందు తెలుపుదుము.

ఈ వ్యాసమునకు విషయములు రెండు. అక్షరములకు అంకెలు కట్టి యాడు పదముల చిక్కులు మొదటిది. ఇంటర్మీడియేటు తరగతులలో పిల్లలను భయపెట్టు సమాకలనము రెండవది. ఒకటి యాట, మరొకటి పరీక్ష. అయినను రెంటియందును పిల్లలు చిక్కుపడుదురు, రెంటికిని సాయమునకు వత్తురు. సాయ మడుగుట తప్పు కాదు. దానిని అడుగు పద్ధతి తెలియకపోవుటవలననే మంచి పిల్లలు కొందరు లెక్కలను విడిచిపెట్టుచున్నారు. అందుచేత ఈ మాటలు వ్రాయవలసి వచ్చినది.

అక్షరములకు విలువలు

మన దేశమున సంఖ్యలను పదములలో దాచు పద్ధతులు చాల కాలమునుండి యున్నవి. వానిలో కటపయాది యనునది ప్రసిద్ధము. క మొదలు ఝ వరకు గల తొమ్మిది హల్లులకు వరుసగా 1 మొదలు 9 వరకు విలువలు. ఞ యనునది సున్న. ట మొదలు ధ వరకు మరల 1 మొదలు 9. న యనునది సున్న. ప మొదలు మ వరకు 1 మొదలు 5. య మొదలు హ వరకు 1 మొదలు 8. గుణింతపు గుర్తులకు విలువ లేదు. హల్లు తోడులేక ఒంటరిగా నున్న అచ్చు సున్నకు సమానము. నిండుసున్న లెక్కకు రాదు. సంయుక్తాక్షరమున చివరి హల్లునే గ్రహింపవలెను. మొదటి అక్షరము ఒకట్ల స్థానము, రెండవది పదుల స్థానము. కనుకనే కుడినుండి యెడమకు చదువుట. ఈ సూత్రముతో మా యూరి పేరును ఎవరికి వారు సరిచూచుకొనవచ్చును.

ఇది వట్టి వినోదము కాదు. కర్ణాటక సంగీతమున మేళకర్తలు 72. వాని పేర్ల మొదటి రెండక్షరములే వాని సంఖ్యలను తెలుపును. మాయామాళవగౌళలో మా 5, యా 1. తిప్పి చదివిన 15. కల్యాణికి ముందు 'మేచ' యని చేర్చుట ఈ సంఖ్య కొరకే. మే 5, చ 6, కావున 65. శంకరాభరణమునకు 'ధీర' చేర్చుటయు నట్టిదే. ధీ 9, ర 2, కావున 29.

సంగీతము నేర్చుకొనుచున్న మా బాలిక యొకతె ఈ సూత్రమును పట్టుకొని డెబ్బదిరెండు పేర్లకును సంఖ్యలు కట్టబూనెను. చక్రవాకము దగ్గర చిక్కు వచ్చినది. చ 6, క్ర లో చివరి హల్లు ర, అనగా 2, తిప్పిన 26. పుస్తకములో చక్రవాకము 16వ మేళమని యున్నది. రెండు సాయంకాలములు తనలోనే తప్పు వెదకుకొని, పిమ్మట కాగితము పట్టుకొని వచ్చి, ప్రతి మెట్టును చూపి, "సారూ, నా తప్పు ఎక్కడ?" అని యడిగెను. దిగువన మరియొక మాట వ్రాసియుండెను: "చారుకేశికి కూడ 26 వచ్చుచున్నది. ఒక సంఖ్య రెండు మేళములకు ఎట్లుండును?"

ఆమె తప్పు లేదు. మేళములకు పేర్లు పెట్టినవారు సంయుక్తాక్షరములలో ఒకే విధముగా నడువలేదు. షణ్ముఖప్రియ (56), ధర్మవతి (59) మొదలగు చోట్ల చివరి హల్లును గ్రహించిరి. చక్రవాకము (16), దివ్యమణి (48), విశ్వంభరి (54) మొదలగు చోట్ల మొదటి హల్లును గ్రహించిరి. చక్రవాకమున ర కాక క ను లెక్కించినచో 61, తిప్పిన 16. ఇంత చెప్పుటకు మాకు పట్టిన కాలము ఒక నిమిషము. ఆమె తన మెట్లన్నియు చూపినందుననే అది ఒక నిమిషములో తేలినది. "చక్రవాకము నాకు రాలేదు" అని మాత్రము చెప్పియున్నచో, మేము సూత్రమంతయు మొదటినుండి వల్లించెడివారము. ఆమె చిక్కు ఆమె దగ్గరనే యుండెడిది.

పలక, కలప

రెండవ విధమైన చిక్కులలో అక్షరము విలువ ముందుగా తెలియదు, కనుగొనవలెను. ఇంగ్లండున హెన్రీ డూడెనీ యనునతడు 1924లో స్ట్రాండ్ పత్రికయందు ప్రకటించిన 'సెండ్, మోర్, మనీ' యను కూడిక లోకప్రసిద్ధము. దాని జవాబు 9567, 1085 కూడిన 10652. తెలుగున మేము పిల్లలకిచ్చిన దొకటి యిది.

పలక − కలప = కపల

మూడవదానికి అర్థము లేదు, లెక్క కొరకే పెట్టితిమి. ప, ల, క అను మూడక్షరములకు మూడు వేరు వేరు అంకెలు. ఇచ్చట ఎడమనుండి కుడికి మామూలుగా చదువవలెను. ఆ యంకెలేవి?

పిల్లలలో పెక్కుమంది ఒకటి మొదలు తొమ్మిది వరకు అంకెలు పెట్టి చూచి అలసిపోయిరి. ఒక బాలుడు వచ్చి జవాబు చెప్పుమనెను. మేము జవాబు చెప్పక, "నాయనా, నడిమి నిలువువరుసను చూచితివా?" అని మాత్ర మంటిమి. అతడు అక్కడనే నిలిచి చూచెను. నడుమ ల లోనుండి ల ను తీసివేయవలెను. పలక పెద్దది గనుక ప యనునది క కంటె పెద్దది. ఒకట్ల స్థానమున క లోనుండి ప పోదు. పదుల స్థానమునుండి ఒకటి అరువు తేవలెను. అప్పుడు నడుమ ల కంటె ఒకటి తక్కువ మిగిలినది. దానిలోనుండి ల పోదు. నూర్ల స్థానమునుండి అరువు. పదికి ఒకటి తక్కువ తొమ్మిది. కాబట్టి నడిమి జవాబైన ప తప్పక 9. నూర్ల స్థానమున 9 లో అరువు పోగా 8. దానిలోనుండి క పోగా క మిగులవలెను. కాబట్టి క 4. ఒకట్ల స్థానమున 14 లోనుండి 9 పోగా 5, అదియే ల. చూడుడు: 954 − 459 = 495.

ఈ 495 సామాన్యమైన సంఖ్య కాదు. అంకెలన్నియు ఒక్కటే కాని యే మూడంకెల సంఖ్యనైనను తీసికొని, దాని యంకెలను పెద్దదినుండి చిన్నదానికి, చిన్నదినుండి పెద్దదానికి అమర్చి, తీసివేయుచు పోయినచో, కడకు 495 వచ్చి నిలుచును. నడుమ రెండంకెలే మిగిలినచో ముందు సున్న చేర్చుకొనవలెను. నాలుగంకెలలో ఇట్టి సంఖ్య 6174. దీనిని కనుగొన్న దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకరు (1905–1986) మహారాష్ట్రమున దేవళాలిలో బడిపంతులు.

వృత్త మెక్కడిది?

ఇక సమాకలనము. మా పాఠశాలలో చదివి ఇంటర్మీడియేటునకు పోయిన పిల్లవా డొకడు ఒక ఆదివారము సాయంకాలము మాయొద్దకు వచ్చెను. లెక్కలను విడిచి వేరు చదువునకు పోదునని నిశ్చయించుకొని, ఆ మాట ఇంటిలో చెప్పుటకు ముందు మాతో చెప్పుటకు వచ్చెను. కారణ మడిగితిమి. పుస్తకము తెరచి ఒక లెక్క చూపెను. య అనునది అవ్యక్తరాశి. ఒకటిని, ఒకటి కూడిన య వర్గముతో భాగించి, సున్న మొదలు ఒకటి వరకు సమాకలనము చేయవలెను. జవాబు పైలో నాలుగవ వంతు. జవాబు అతనికి వచ్చును. ఫోను కూడ అదే చెప్పినది. "సారూ, ఇందులో వృత్తము లేదు గదా, పై ఎక్కడనుండి వచ్చినది?" అని తాను చదువుచోట నడిగెనట. అది పరీక్షలో రాదు, సూత్రము కంఠస్థము చేయుమని బదులు వచ్చినదట. తోడివారు నవ్విరట. ఆనాటినుండి అతడు ప్రశ్న యడుగుట మానివేసెను.

విద్యార్థులారా, ఆ ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆరువందల యేండ్ల క్రిందట కేరళదేశమున గొప్ప గణితజ్ఞులు వేసికొన్న ప్రశ్నకు అది తోబుట్టువు. దానికి జవాబు ఇది.

ఒకటి వ్యాసార్ధముగా వృత్తము గీయుడు. వృత్తముమీద ఒక బిందువువద్ద స్పర్శరేఖ నిలువుగా గీసి, దానిపై ఒకటి పొడవు కొలిచి పెట్టుడు. ఆ రేఖ కొననుండి కేంద్రమునకు గీత గీచినచో ఆ గీత వృత్తమున సరిగా ఎనిమిదవ వంతును ఖండించును. వృత్తపరిధి రెండు పైలు గనుక, ఆ చాపము పైలో నాలుగవ వంతు. ఇప్పుడు స్పర్శరేఖను చిన్న చిన్న తునకలు చేసి, ప్రతి తునక కొననుండి కేంద్రమునకు గీతలు గీయుడు. య ఎత్తున నున్న తునకకు ఎదురుగా వృత్తమున ఎంత చాపము పడును? ఆ తునక కేంద్రమునుండి, ఒకటి కూడిన య వర్గమునకు వర్గమూలమంత దూరమున నున్నది. తునక గీతకు ఏటవాలుగా నున్నందున ఒకసారి ఆ దూరముతో భాగింపవలెను. దూరముననున్న దానిని వృత్తము వరకు దగ్గరకు తెచ్చినందున మరల ఒకసారి భాగింపవలెను. రెండుమారులు వర్గమూలముతో భాగించుట యన, ఒకటి కూడిన య వర్గముతో భాగించుటయే. ఆ చిన్న చాపములన్నియు కూడిన చాపమంతయు వచ్చును. సమాకలన మనగా ఈ కూడికయే. వృత్తము మొదటినుండి అక్కడనే యున్నది. సూత్రము దానిని కప్పివేసినది.

పది తునకలు చేసి మేము అతనిచేతనే కూడించితిమి. ప్రతి తునక క్రిందికొనను లెక్కించిన 0.80998, పైకొనను లెక్కించిన 0.75998, రెంటికి నడుమది 0.78498. దానిని నాలుగింతలు చేసిన 3.1399. పది తునకలకే ఇంత దగ్గరకు వచ్చినదని అతడు ఆశ్చర్యపడెను.

సంగమగ్రామ మాధవుడు (సుమారు 1340–1425) ఇంకను ముందుకు పోయెను. ఒకటిని, ఒకటి కూడిన య వర్గముతో భాగించుటకు బదులు, ఒకటిలో య వర్గము తీసి, నాలుగవ ఘాతము కూడి, ఆరవ ఘాతము తీసి, ఇట్లు పోవచ్చును. అప్పుడు ఘాతముల మొత్తములు తెలిసిన చాలును. 1 మొదలు 10 వరకు వర్గములు కూడిన 385. పది ఘనముతో భాగించిన 0.385. నూరు వరకు కూడి నూరు ఘనముతో భాగించిన 0.33835. వేయి వరకైన 0.3338335. ఇది మూడవవంతునకు పోవుచున్నదని పిల్లలకును కనబడును. అట్లే నాలుగవ ఘాతములకు అయిదవ వంతు, ఆరవ ఘాతములకు ఏడవ వంతు. కావున పైలో నాలుగవ వంతు అనగా ఒకటి, తీసివేత మూడవ వంతు, కూడిక అయిదవ వంతు, తీసివేత ఏడవ వంతు, ఇట్లు అంతులేని వరుస. జ్యేష్ఠదేవుడు పదునారవ శతాబ్దమున మలయాళభాషలో వ్రాసిన యుక్తిభాషయందు దీని ఉపపత్తి యున్నది. ఐరోపాలో గ్రెగొరీ, లైబ్నిట్జులు ఈ వరుసను పొందినది 1670 ప్రాంతమున. మద్రాసు కొలువులో మలబారున నున్న చార్లెస్ విష్ అను ఆంగ్లోద్యోగి వ్రాసిన వ్యాసము రాయల్ ఏషియాటిక్ సొసైటీ వారి సంపుటమున 1834లో అచ్చై, ఈ సంగతి పరదేశములకు తెలిపినది.

ఈ వరుస మిక్కిలి మెల్లగా నడచును. అయిదు పదములు కూడి నాలుగింతలు చేసిన 3.3397 మాత్రమే. మాధవసంప్రదాయమువారు దీనికొక దిద్దుబాటు చెప్పిరి. పదముల సంఖ్యను, దాని వర్గమును నాలుగింతలు చేసి ఒకటి కూడినదానితో భాగించి, తరువాతి పదమునకు గల గుర్తుతో చేర్చవలెను. అయిదు పదములకు ఆ దిద్దుబాటు 101లో 5 వంతులు. అయిదవ పదము కూడిక గనుక దీనిని తీసివేయవలెను. అప్పుడు 3.14166 వచ్చును. అసలు విలువ 3.14159. ఇది కాగితముమీద పది నిమిషముల పని.

ఇచ్చటనే మన రెండు విషయములు కలియుచున్నవి. ఆ మాధవుడు తన ఫలితములను పదములలోనే దాచెను. ఇరువదినాలుగు జ్యల పట్టికను కటపయాది పదములలో కూర్చెను. 225 కలలకు జ్య 224 కలల 50 వికలల 22 తత్పరలని అందులో తెలియును. పరిధిని మాత్రము భూతసంఖ్యలలో చెప్పెను. ఆ పద్ధతిలో నేత్రమనగా 2, వేదమనగా 4, గజమనగా 8. తొమ్మిది నిఖర్వముల వ్యాసమునకు, అనగా తొమ్మిది పక్కన పదునొకండు సున్నలకు, పరిధి 2827433388233. భాగించి చూచినచో పై విలువ పది దశాంశముల వరకు సరిగా నుండును. తెలుగుదేశపు శాసనములలోను శకవర్షములను ఈ భూతసంఖ్యలలో చెప్పుట వాడుక. పద్యమున అంకె తప్పినచో అర్థమైనను ఛందస్సైనను చెడును. నేర్చుకొన్నవాడు వెంటనే గుర్తించును. జ్ఞాపకమునకు తోడును, తప్పునకు కావలియు నొక్కచోట దొరికినవి.

తెలుగులోనికి గణితమును తెచ్చిన పావులూరి మల్లనను ఇచ్చట తలచుకొనవలెను. తొమ్మిదవ శతాబ్దపు మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును అతడు తెలుగు పద్యములలో వ్రాసెను. తన భాషలో అడుగుటకును, తన భాషలో వినుటకును మనవారికి ఆనాడే అవకాశము కలిగినది.

అడుగువారికి

నేడు చేతిలోని ఫోను సమాకలనమునకు క్షణములో జవాబు నిచ్చును. దానిని వాడవద్దని మేము చెప్పము. మేమును చిన్నతనమున పక్కవాని పలకమీది జవాబును దించి వ్రాసినవారమే. పిమ్మట నల్లబల్లవద్ద నిలువబెట్టినప్పుడు సుద్ద చేతిలోనే యుండెను, మాట రాలేదు. జవాబు మనది కానప్పుడు దాని తరువాతి మెట్టును మనకు తెలియదు.

కావున అడుగునప్పుడు లెక్కను పూర్తిగా వ్రాసి చూపుడు. మీరు చేసిన మెట్లను తప్పులతో సహా చూపుడు. ఏ పంక్తివద్ద ఆగిపోయితిరో దానిక్రింద గీత గీయుడు. జవాబు కాక, తరువాతి మెట్టును మాత్ర మడుగుడు. మరునాడు పుస్తకము మూసి మొదటినుండి మరల చేయుడు. మరునాడును రానిచో, నిన్నటి సాయము మీకు చేరలేదని తెలిసికొనుడు. మరల అడుగుడు, సిగ్గుపడకుడు.

సమాకలనమున మీకొక గొప్ప సౌకర్యము గలదు. జవాబు ఎవరిచ్చినను, దానిని అవకలనము చేసి మీరే పరీక్షింపవచ్చును. య ను కొసైన్ య తో గుణించినదానికి సమాకలనము, య సైన్ య కూడిక కొసైన్ య యని ఫోను చెప్పినదనుకొనుడు. అవకలనము చేయుడు. మొదటి పదమునుండి సైన్ య, య కొసైన్ య వచ్చును. రెండవ పదమునుండి ఋణ సైన్ య వచ్చును. సైనులు రెండును పోగా య కొసైన్ య మిగిలినది. సరి. స్థిరరాశిని మాత్రము చేర్చుట మరువకుడు. ఇట్లు చూచుకొన్నవాడు ఎవరి మాటమీదను ఆధారపడడు.

తల్లిదండ్రులకు

"మేము చదువుకోలేదు, మా పిల్లలకు లెక్కలలో ఏమి సాయము చేయగలము?" అని పెక్కుమంది తల్లిదండ్రులు మమ్ముల నడుగుదురు. పైన చెప్పిన పిల్లవాని తల్లి అక్షరము నేర్వలేదు. ఆ రాత్రి అతడు వృత్తమును, తునకలను ఆమెకు నేలమీద సుద్దతో గీచి చెప్పుచుండగా, ఆమె నడుమ నొకచోట ఆపి, "ఆగు బిడ్డా, ఆ గీత వంకరగ ఎందుకు బోయింది? మల్లొకసారి జెప్పు" అని యడిగెనట. ఆ మెట్టు తనకును స్పష్టముగా తెలియదని అతనికి అప్పుడు తోచినది. మరునాడు ఆ ఒక్క మెట్టు కొరకే మాయొద్దకు తిరిగి వచ్చెను. తునక యేటవాలుగా నున్నందున మొదటిసారి భాగించు మెట్టే అది. ఆ తల్లి చేసిన సాయమును మేము చేయలేకపోతిమి. పిల్లలు చెప్పుచుండగా వినుట, తెలియనిచోట తెలియలేదనుట, ఇంతమాత్ర మే తల్లిదండ్రులైనను చేయగలరు.

ఉపాధ్యాయులమైన మేమును నేర్చుకొనవలసిన దున్నది. పరీక్షలో రాదని చెప్పి ప్రశ్నను త్రోసివేయుట సులభము. తెలియనిచో "తెలియదు, రేపు చూచి చెప్పెదను" అనుట కష్టము. ఆ రెండవ మాట విన్న పిల్లవాడు మరల అడుగును.

ఆ విద్యార్థి లెక్కలను విడువలేదు. పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినవో ఇక్కడ వ్రాయము. ఇంకను కష్టపడుచునే యున్నాడు. గడచిన సెలవులలో మా పదవ తరగతి పిల్లలకు నల్లబల్లమీద ఆ వృత్తమును గీచి చూపెను. చివర ఒక బాలిక లేచి, స్పర్శరేఖను ఒకటి కాక రెండు పొడవు చేసిన ఏమగునని యడిగెను. అతనికి తెలియలేదు. "రేపు చెప్తా" నని కాగితముమీద వ్రాసికొని పోయెను.

పాఠకులకు రెండు చిక్కులు విడిచిపెట్టుచున్నాము. ఖరహరప్రియ, హరికాంభోజి, రసికప్రియల మేళసంఖ్యలేవి? మీ యూరి పేరులో దాగిన సంఖ్య యేది? జవాబులను ఈ సంచికలో ఎక్కడను వేయలేదు. చిక్కుపడినచో మీరు చేసిన మెట్లను కాగితముమీద వ్రాసికొని రండు.